ఆఖరి పాదం ఎన్నిసార్లు?

కవులు రాసి వదిలేసిన కవితలకు బాణీ కట్టి గిటారు మీద పాడటమే కలీనా బతుకుతెరువు. క్రాకుఫ్ నగరంలో చదువుకునే రోజుల్లో విద్యార్థుల పోటీలో ఆమెకు మూడో బహుమతి వచ్చింది. మొదటి రెండూ కొట్టేసినవాళ్ళు బుద్ధిగా బ్యాంకుల్లో చేరిపోవడంతో రంగం ఈమెకే మిగిలింది. అప్పటినుంచి ఊరూరా గ్రంథాలయాల్లో, కొండల మీది బసల్లో పాడుతూనే ఉంది. ఆమె పాటలకు ఎవరూ గంతులెయ్యరు. కళ్ళు మూసుకుని వింటారు. కొందరు నిద్రపోతారు గానీ, అదీ భక్తిగానే.

ఇన్నాళ్ళకు ఆల్బమ్ చేసే యోగం పట్టింది. హీరోనిమ్ అనే కవి రాసిన ‘దీపం’ అందులో లేకపోతే ఆ ఆల్బమ్‌ను ఆమె సొంత అక్క కూడా కొనదు. కొండల్లో చలిమంట చుట్టూ చేరిన ప్రతి గుంపూ పాడేది ఆ పాటే. కవి పోయాడు. అనుమతి ఇవ్వాల్సిన ఆయన భార్య లియోకాదియా గారు ఇవ్వనంది.

బతిమాలుకుందామని కలీనా ఆవిడ ఉండే టార్నుఫ్ ఊరికి రైలెక్కింది. పెద్దావిడ గుమ్మంలోనే బూట్లు విప్పించి, ఇంట్లో తిరగడానికి కవిగారి పాత చెప్పులిచ్చింది. అవి కలీనా పాదాలకు పడవల్లా ఉన్నాయి. వంటింట్లోకి తీసుకెళ్ళి, బంగాళాదుంప కూరిన, కజ్జికాయల్లాంటి పియెరోగీల అంచులు నొక్కమని పని కూడా పురమాయించింది.

“ఆఖరి పాదం ఎన్నిసార్లు పాడతావమ్మాయ్?”

“నాలుగుసార్లండీ.”

“మా ఆయన ఎన్నిసార్లు రాశాడు?”

కలీనా పిండి వైపు చూసింది. “ఒక్కసారే. కానీ పాటన్నాక పల్లవి ఉండాలి కదండీ...”

“‘దీపం ఆర్పకు, నేనింకా దారిలోనే ఉన్నాను.’ అది పల్లవి కాదు, సంజాయిషీ. సారాకొట్టు నుంచి ఇంటికి రావడానికి ఆయనకు తెల్లారేది. ఒకసారి చెబితే కవిత్వం. నాలుగుసార్లు చెబితే అబద్ధంలా ఉంటుంది.”

“మరి అనుమతి?”

“ఈ సాయంత్రం మా గ్రంథాలయంలో పాడుతున్నావటగా. ముందు వరసలో కూర్చుంటాను. రాసింది రాసినట్టు పాడు, చూద్దాం. ఆ అంచు సరిగ్గా నొక్కు, ఉడికితే విచ్చుకుంటుంది.”

సాయంత్రం గది నిండిపోయింది. లియోకాదియా గారు పరీక్షలో కాపీ పట్టుకోవడానికి వచ్చిన టీచరులా నిటారుగా కూర్చుంది. నిజానికి ఆవిడ రిటైరైన లెక్కల టీచరే. కలీనా ‘దీపం’ పాడింది. ఆఖరి పాదం ఒక్కసారే పాడి, తీగల మీద అరచెయ్యి ఆన్చి, పెదాలు బిగించుకుంది.

వెనకనుంచి ఎవరో ముసలాయన గొంతు సవరించుకుని, ఆమె మరిచిపోయిందనుకున్నాడో ఏమో, ఆ పాదం అందుకున్నాడు. పక్కవాళ్ళు కలిశారు. కలీనా కంగారుగా చెయ్యి ఊపింది. దాన్ని వాళ్ళు తాళం అనుకున్నారు. రెండోసారి గదంతా పాడింది. మూడోసారి గ్రంథాలయం అమ్మాయి కూడా.

ఆల్బమ్ పోయింది అనుకుంది కలీనా.

లియోకాదియా గారు లేచి, జనం వైపు తిరిగి నిలబడింది. గొంతులు ఒక్కొక్కటే చల్లారిపోయాయి.

“మీకెవరు చెప్పారు పాడమని?”

“మా ఆవిడకు నేను రోజూ చెప్పే మాట అదేనండీ, అలవాటైపోయింది,” అన్నాడు ముసలాయన. పక్కనే ఉన్న ఆవిడ మోచేత్తో ఒక్కటిచ్చింది.

గది ఘొల్లుమంది. లియోకాదియా గారు నవ్వలేదు గానీ, కూర్చోవడానికి కాస్త ఎక్కువసేపు పట్టింది. జేబురుమాలు తీసి, పనిలేకపోయినా కళ్ళజోడు తుడుచుకుంది.

“చూడమ్మాయ్,” అంది కలీనాతో, “రికార్డింగు ఇక్కడే పెట్టుకో, ఈ జనంతోనే. నువ్వు మాత్రం ఒక్కసారే పాడాలి. వీళ్ళు పాడుకుంటే వీళ్ళ పెళ్ళాలు చూసుకుంటారు.”

“అలాగేనండీ!”

“మూడోసారికి శ్రుతి దిగజారింది. మళ్ళీ పాడించు, వింటాను.”