పేల్చేముందు అడగాలా?

"మనం వద్దనే ఓటు వేస్తున్నాం," అన్నాడు ఓరిన్, గుడ్ల పళ్లెంలోంచి తల ఎత్తకుండా.

పొయ్యి మీద ఆపిల్ గుజ్జు అడుగంటకుండా గరిట తిప్పుతోంది వెర్లా. ఆ ఇంట్లో మనం అంటే ఓరిన్ అని ఆమెకి పెళ్లయిన కొత్తలోనే తెలిసింది. మనం గొర్రెలు అమ్మేస్తున్నాం. మనం మా అమ్మని తెచ్చిపెట్టుకుంటున్నాం. మంచం పట్టిన అత్తగారిని ఎత్తి కూర్చోబెట్టి, ఆవిడ దుప్పట్లు ఉతికింది మాత్రం మనం కాదు. "నీ చేతి కాఫీ ఎప్పుడూ చల్లారిపోయే ఉంటుంది" అనేదావిడ, పోయేదాకా.

ఐదేళ్ల కిందట, కొండ కింద అణుబాంబు పేల్చి, రాతిలో ఇరుక్కున్న గ్యాసు తీస్తామని కంపెనీ మనుషులొచ్చినప్పుడూ అంతే. ఓరిన్ సంతకం పెట్టేశాడు. పేల్చిన రోజు మధ్యాహ్నం అందర్నీ ఇళ్లు వదిలి బయట నిలబడమన్నారు. పిండి అంటిన చేతులతో పెరట్లో నిలబడింది వెర్లా. ముందు చప్పుడేమీ లేదు. దూరంగా గడ్డి కదిలింది. దులిపిన దుప్పటిలా నేల పైకి లేచి, ఆమె అరికాళ్ల కిందనుంచి సాగిపోయింది. భయం కంటే ముందు ఒళ్లు జలదరించింది. కొండలు ఇంత మెత్తనివా? అప్పుడు వెనక పొగగొట్టం ఇటుకలు జారిపడ్డాయి. వేసవంతా కాగే పొయ్యి ముందు నిలబడి ఆమె నిల్వ పట్టిన పీచ్ పళ్ల సీసాలు నేలమాళిగలో పగిలిపోయాయి.

పొగగొట్టం కంపెనీవాళ్లే మళ్లీ కట్టించారు. సీసాల సంగతి ఓరిన్ వాళ్ల దగ్గర ఎత్తనేలేదు. "ఇంట్లో చేసినవేగా. మళ్లీ పట్టుకో," అన్నాడు ఆమెతో.

ఐదేళ్లయినా ఇంకా పేలుస్తామనే అంటున్నారు. అందుకే ఈసారి కొలరాడో రాష్ట్రం జనం దాన్ని ఓటుకి తెచ్చారు.

ఓటింగు రోజున, బడిలో తెర వెనక నిలబడి వెర్లా ఓటు కాగితం చదివింది. రాష్ట్రంలో అణుబాంబు పేల్చాలంటే ముందు ఓటర్ల అనుమతి తీసుకోవాలా? మళ్లీ చదివింది. కొండల్ని దుప్పట్లా దులిపినంత శక్తి, ఇప్పుడు టోపీ తీసి చేత్తో పట్టుకుని, గుమ్మం బయట నిలబడి, "రావచ్చా అమ్మా?" అంటున్నట్టుంది. ఎవర్ని? వెర్లాని. చర్చిలో కూడా అంత నిశ్శబ్దం ఎప్పుడూ వినలేదు. అవును దగ్గర గుర్తు పెట్టింది. పెన్సిలు ఎంత తేలిగ్గా ఉందో!

మర్నాడు పొద్దున్న రేడియో చెప్పింది, అవునన్నవాళ్లే గెలిచారని.

"ఇక బాంబు పేల్చాలన్నా ఊళ్లో ప్రతి ముసలమ్మనీ అడుక్కోవాలన్నమాట!" అని విసుక్కుని, ఓరిన్ కాఫీకోసం కప్పు ముందుకు జరిపాడు. "అన్నట్టు, పండక్కి మా తమ్ముడి కుటుంబమంతా ఇక్కడే. వారం రోజులుంటారు. మనం రమ్మన్నాం."

వెర్లా పొయ్యి ఆపింది. చేతులు తుడుచుకుని, అతని ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది. ఆ వేళప్పుడు ఆమె ఆ కుర్చీలో కూర్చోవడం ఓరిన్ ఎన్నడూ చూడలేదు.

"నన్నడగలేదుగా," అంది. "ఇప్పుడడుగు. వద్దంటానేమో."