నంబరులో మొదటి రెండంకెలు

తమిళనాడులో ధర్మపురి బస్టాండు పక్కన కెమెరాలు బాగుచేసే కొట్టు నాది. నంబరు చూసి కెమెరా పుట్టిన ఏడు చెబుతానని నన్ను జాతకాల గోవిందరాజు అంటారు. అననీండి. అయ్యవార్ల జాతకాలు తప్పుతాయి గానీ నంబరు అబద్ధమాడదని నేనూ మీసం మెలేసేవాణ్ణి. ఆ మీసానికి 1985 జూలైలో, అరవ లెక్కన ఆడి నెలలో, బుద్ధొచ్చింది.

కడత్తూరు స్టూడియో వడివేలు ఒక రష్యా కెమెరా తెచ్చాడు. షట్టరు పట్టేస్తోందట. మైసూరులో పాత సామాన్లవాడు అయిదేళ్ళనాటిదని అమ్మాడట, నిజమా కాదా చూడమన్నాడు. రష్యావాళ్ళ నంబర్లో దాపరికం లేదు. మొదటి రెండంకెలే తయారైన సంవత్సరం. లెన్సు మీద 76. పైమూత వెనక చెక్కిన నంబరూ 76తోనే మొదలైంది. తొమ్మిదేళ్ళది, నిన్ను బాగా ముంచాడు పో అని నవ్వి పంపేశాను.

తర్వాత ఆ పైమూత విప్పాను. బాగుచేసినవాడు లోపల సూదితో తన గుర్తు గీయడం మా పనిలో వాడుక. మళ్ళీ తన చేతికే వస్తే తెలియాలని. మూత లోపల ఒక 'జ' ఉంది. దాని కింద చిన్న చేప.

అది మా అన్న జయరామన్ చెయ్యి. ఈ పని నాకు నేర్పిందీ అతనే. మా ఇళ్ళల్లో తెలుగు మాట్లాడతారు గానీ రాసేవాళ్ళు లేరు. అవ్వ మా ఇద్దరికే బియ్యంలో అక్షరాలు దిద్దించింది. చేప అన్న సరదా.

అన్న 1970లో పోయాడు. ఏటికి కొత్తనీరొచ్చే పండగ, ఆడి పద్దెనిమిది నాడు హొగెనకల్లు జలపాతం దగ్గర స్నానాల జనాన్ని ఫోటోలు తీస్తానని వెళ్ళాడు. బండమీద చొక్కా, చెప్పులు దొరికాయి. మనిషి దొరకలేదు. పుట్టి నడిపేవాళ్ళు మూడు రోజులు వెతికారు. శవం దొరకనివాడి కోసం పన్నెండేళ్ళు ఎదురుచూసి, ఆ తర్వాతే దర్భబొమ్మ చేసి కాల్చాలి. పెద్దలు అదే చెప్పారు. నేనే వినలేదు. ఆ సంక్రాంతికి వచ్చే తై మాసంలో నా పెళ్ళి. ఇంట్లో తేలని చావు పెట్టుకుంటే పిల్లనివ్వమని వాళ్ళు మొండికేశారు. ఏరు మింగినవాడు తిరిగొస్తాడా అని గొంతు చించుకుని అరిచి, నెల తిరక్కుండా దర్భబొమ్మకు నేనే నిప్పు పెట్టాను. పదోనాడు వదిన పంచవర్ణం మెడలో తాళి తీశారు. ఆమెకప్పుడు ఇరవై మూడేళ్ళు.

1970లో చచ్చినవాడు 1976లో తయారైన మూతలో చేప ఎలా గీస్తాడు? నంబరు ఎన్నిసార్లు చదివానో! పాడు నంబరు ఒక్కసారికైనా మారదే. మూడు రోజులు మూత బిగించకుండా బల్లమీదే ఉంచాను. చెప్పకపోతే పాపం, చెబితే ఇంకో పాపం.

నాలుగోనాడు మూత పట్టుకుని ఇంటికెళ్ళాను. మరునాడు అన్న తద్దినం. వదిన వడలకు ఉద్దిపప్పు ఏరుతోంది. ఆమెకు అక్షరం తెలియదు, చేప తెలుసు. ఆమె ట్రంకుపెట్టె మీద కూడా అన్న అదే గీశాడు. వేలితో దాన్ని చాలాసేపు తడిమింది.

"ఇది ఏ ఏడుదప్పా?"

చెప్పాను. మైసూరు వెళ్ళి వెతుకుతానన్నాను. కాళ్ళమీద పడి ఏడ్చాను. నా పెళ్ళికోసం నీ బతుకు కాల్చేశాను వదినా అన్నాను. ఆమె పప్పులో రాయి తీసి పక్కన పెట్టింది.

"చేతులు కాలినంక ఆకులెందుకు గోవిందూ? చచ్చిపోయినాడని పదైదేండ్లు తలుచుకొని బతికినాను. బతికుండీ రానోడు నాకేమవుతాడు? పో, మూత బిగించు. రేపు పిండం నువ్వే పెట్టల్ల."

ఆమె కంట నీరు లేదు. ఉంటే నాకు కొంచెం సులువయ్యేది.

కొట్టుకు తిరిగొచ్చి షట్టరు బాగుచేశాను. వాడుక ప్రకారం నా గుర్తూ గీయాలి. అన్న 'జ' పక్కన 'గో' అని గీశాను. ఎప్పుడైనా అది మళ్ళీ అతని చేతికొస్తే, నాకు తెలిసిందని తెలుస్తుంది. తర్వాత మూత బిగించి వడివేలుకు ఇచ్చేశాను.

మరునాడు దర్భ ఉంగరం వేలికి పెట్టుకుని కూర్చున్నాను. చేతిలో పిండం. చనిపోయినవారి పేరు చెప్పమన్నాడు పురోహితుడు. ఏటా చెప్పే పేరే. ఆయన మళ్ళీ అడిగాడు.

వెనక నిలబడిన వదిన గట్టిగా చెప్పింది.

"జయరామన్."

పదిహేనేళ్ళలో ఆమె నోట అన్న పేరు వినడం అదే మొదలు.