సమ్మెట కింద చెయ్యి

కాదు, చెయ్యి కాదు. సమ్మెట కర్రే కాస్త వదులై ఉంటుంది. మొన్న మంగళవారం దెబ్బ పక్కకి జారింది అందుకే. వానాకాలంలో కర్ర ఉబ్బుతుందిగాని వదులవుతుందా అని వెంటనే తోచింది జ్ఞానరాజుకి. తోచకుండా ఉంటే బాగుండును. సమ్మెట తలని కాలితో తొక్కిపట్టి కర్రని అటూ ఇటూ ఊపి చూశాడు. అది బిగుసుకునే ఉంది.

షెడ్డులో ఎదురుగా కొండబాబు ట్రాక్టరు ఒక వెనకచక్రం లేకుండా చెక్కదిమ్మల మీద నిలబడి ఉంది. పొద్దున్నే నాతవరం నుంచి వచ్చింది. నాగలిని మోసే రెండు ఇనపబద్దల్లో ఒకటి వంగిపోయింది. కొత్త బద్దా, కొత్త పిన్నూ కొండబాబు గోనెసంచిలో తెచ్చుకున్నాడు. కాని పాత పిన్ను ఊడితేగాని కొత్తది ఎక్కదు. బొటనవేలికన్న కాస్త లావుగా ఉన్న ఆ పిన్ను పన్నెండేళ్ళ బురదనీ తుప్పునీ తాగి, ఇరుసు కింది ఇనుముతో ఒకటైపోయింది.

"రేపు పొద్దున్నకల్లా కాలవ కట్టీస్తారు మేస్త్రీగారూ," అన్నాడు కొండబాబు. "రెండెకరాలు దమ్ము సెయ్యాలింకా. నారు ముదిరిపోతంది."

"కిరసనాయిలు ఇంకనీ బాబూ."

అప్పటికే రెండుసార్లు పోశాడు. మూడోసారి పోస్తూ, డబ్బాని ఎడమచేత్తో పట్టుకున్నాడు.

ఈస్టరు ఆదివారం మొదలైంది ఇది. గుడిలో ప్రభువు బల్ల దగ్గర చిన్న గాజుగిన్నె అందుకున్నప్పుడు ద్రాక్షరసం అంచు దాటి తెల్లచొక్కా మీద పడింది. "చలేస్తోందా?" అంది పక్కనున్న భార్య ఎస్తేరమ్మ. ఏప్రిల్ నెలలో చలేమిటి? కాని అవునన్నాడు. ఇంటికెళ్ళాక ఆ చొక్కాని రెండు ఉడుకులు ఉడికించింది, మరేమీ అడగలేదు. ఆనాటి నుంచీ అతను చేతిని గమనిస్తున్నాడు. ఊరికే ఉన్నప్పుడు వణుకుతుంది. బరువెత్తితే ఆగుతుంది. ఆగుతుంది కదా అనుకుని మూడు నెలలు గడిపాడు. బరువెత్తినా ఆగకపోవడం మంగళవారం నాడే.

ఆరోజు సమ్మెట కడ్డీ తలమీద కాకుండా దాని అంచుమీద పడింది. కడ్డీ పట్టుకున్న షెడ్డు పనివాడు సింగన్న బొటనవేలికి అది అంగుళం దూరం. సింగన్న మొహం పక్కకి తిప్పుకునే, "ఈగని సంపీసినావేటి మేస్తిరీ?" అన్నాడు. అంతే.

సింగన్న అసలు చూడడు. ఇరవయ్యారేళ్ళుగా ఇద్దరిదీ ఒకటే పద్ధతి. సింగన్న గొంతుక్కూర్చుని కడ్డీని పిన్నుకి ఆనించి ఉత్తచేత్తో పట్టుకుంటాడు, రవ్వలు కంట్లో పడకుండా మొహం పక్కకి తిప్పుకుంటాడు, జ్ఞానరాజు కొడతాడు. కొత్తవాడు కొడుతుంటే కడ్డీని పటకారుతో పట్టుకోవచ్చు. సొంత మేస్త్రీ కొడుతుంటే పటకారు ముట్టుకోవడం ఈ షెడ్లలో మాటల్లేకుండా తిట్టడమే. సింగన్న పదివేళ్ళకీ పది గోళ్ళూ ఉన్నాయి. అతని ఈడు పనివాళ్ళలో అలా ఉన్నవాడు నర్సీపట్నంలో ఇంకొకడు లేడు. పెళ్ళిళ్ళలో కొత్తవాళ్ళకి ఆ వేళ్ళు చాపి చూపించి, "మా మేస్తిరీ సేసిన పని ఇది," అనేవాడు.

ఆ మాట ఇవాళ పొద్దుటినుంచీ జ్ఞానరాజు చెవిలో తిరుగుతోంది.

బ్లోల్యాంపు వెలిగించి పిన్ను చుట్టూ వేడి పెట్టాడు. వేడికి చుట్టూ ఉన్న ఇనుము సాగి దానంతటదే వదిలేస్తే కొట్టక్కర్లేదు. వదల్లేదు. మళ్ళీ పెట్టాడు. గ్రీజు కరిగి, కాలి, కమురు వాసన వచ్చింది.

"వంట సేస్తన్నావా ఏటి?" అన్నాడు సింగన్న. "వదిలీ. నాలుగు దెబ్బలేస్తే అదే వస్తాది."

"ఇంకాస్త కాగనీ."

బస్టాండు నుంచి టీ వచ్చింది. జ్ఞానరాజు వద్దన్నాడు.

"మేస్తిరీ టీ మానీసినాడు కొండబాబూ. పాస్టరుగారికి మాటిచ్చీసినట్టున్నాడు. ఇంక సుట్ట ఒకటే మిగిలింది!"

కొండబాబు నవ్వలేదు. షెడ్డు బయటికి వెళ్ళి మబ్బుకేసి చూసి వచ్చాడు. నోరు తెరిచి ఏదో అనబోయి, పెద్దవాడని ఆగిపోయాడు. ఆ ఆగిపోవడం జ్ఞానరాజుకి తిట్టుకన్న గట్టిగా తగిలింది. పటకారు తీసుకో అని సింగన్నతో చెప్పొచ్చు. చెబితే ఎందుకంటాడు. చక్రం బిగించేసి రేపు రమ్మని కొండబాబుతో చెప్పొచ్చు. చెబితే నారు పోతుంది. పైగా రేపు మాత్రం చెయ్యి వేరే చెయ్యి అవుతుందా?

మూడు దాటింది. సింగన్న ఇంక అడగకుండానే వెళ్ళి గొంతుక్కూర్చుని, కడ్డీని ఆనించి, మొహం తిప్పుకున్నాడు.

"బేగి కానీ."

జ్ఞానరాజు సమ్మెట ఎత్తాడు. మొదటి దెబ్బ తలమీదే పడింది. రెండోదీ పడింది. పిన్ను చుట్టూ తుప్పు పొడిగా రాలింది. మూడోసారి ఎత్తినప్పుడు మణికట్టు దగ్గర అది మొదలైంది, మోచేతిదాకా పాకింది. గాలిలో సమ్మెట తల చిన్నగా ఊగుతోంది. కింద సింగన్న మెడ, చెవి వెనక నెరిసిన వెంట్రుకలు, కడ్డీ చుట్టూ ముడుచుకున్న వేళ్ళు కనిపించాయి.

"ఏటి మేస్తిరీ, ఎత్తీసి అలాగే ఒగ్గీసినావు?"

అతను సమ్మెటని మెల్లగా నేలకి దించాడు.

"లే సింగన్నా. నువ్వు కొట్టు. కడ్డీ నేను పడతాను."

"నేనా?" నవ్వబోయి వెనక్కి తిరిగాడు సింగన్న. జ్ఞానరాజు కుడిచేతిని దాచలేదు. ముందుకి చాపి, ఊరికే ఉండనిచ్చాడు. కొండబాబు చూపు మరల్చుకుని గోనెసంచి మూతి విప్పడం మొదలుపెట్టాడు.

"ఎన్నాళ్ళనుంచి?"

"ఈస్టరు నుంచి."

"మరి నాకు సెప్పలేదేటి?"

"చెబితే నువ్వు చూడ్డం మొదలెడతావు."

సింగన్న లేచి సమ్మెట అందుకున్నాడు. "నా దెబ్బ సూటిగా పడదు. నానెప్పుడు కొట్టినాను గనక? పటకారు తీసుకో."

"అక్కర్లేదు."

జ్ఞానరాజు కూర్చున్నాడు. ఇరవయ్యారేళ్ళలో అక్కడ కూర్చోవడం అదే మొదటిసారి. ట్రాక్టరు ఇంత ఎత్తుగా కనబడుతుందని అతనికి తెలీదు. చేతిలో కడ్డీ పిన్ను తలమీద టకటకలాడింది. రెండోచెయ్యి కూడా వేసి బిగించాడు. శబ్దం ఆగింది. మొహం పక్కకి తిప్పుకున్నాడు.

"కొట్టు."

దెబ్బ కాస్త వంకరగా పడింది. దాని అదురు మోచేతుల్లోంచి పళ్ళదాకా వచ్చింది. ఇంకొకటి. అయిదో దెబ్బకి లోపలెక్కడో ఇనుము చిన్నగా కిర్రుమంది, ఏడోదానికి పిన్ను అవతలివైపు జారి కింద పడింది.

కొత్త బద్దని అమర్చి, కొత్త పిన్నుకి గ్రీజు రాసి సింగన్నే ఎక్కించాడు. చక్రం బిగించారు. కొండబాబు రెండుచేతులూ జోడించి, అదే ఊపులో ట్రాక్టరెక్కి వెళ్ళిపోయాడు. జ్ఞానరాజు తొట్టిదగ్గర చేతులు కడుక్కుని, గోడకున్న చొక్కా తొడుక్కున్నాడు. గుండీలు పెట్టుకోలేదు.

"రేపు వస్తావా?" అన్నాడు సింగన్న.

అతను సింగన్న భుజం మీద కుడిచెయ్యి వేశాడు. అది వణుకుతున్నా తీసెయ్యకుండా కాసేపు అక్కడే ఉంచాడు. తర్వాత చర్చి రోడ్డుకేసి నడుచుకుంటూ పోయాడు.

ట్రాక్టరు నిలబడ్డచోట, నడుమ దగ్గర అరిగి సన్నబడిన పాత పిన్ను పడి ఉంది. ఇంకా చల్లారలేదు. దాని చుట్టూ తడినేల కొద్దికొద్దిగా ఆరుతూ తెల్లబడుతోంది.