పై రేకుకి వదిలిన జాగా

లహరి ఫోన్లో అన్న ఒక్క మాటకి పుష్పవతి చేతిలో కత్తెర ఆగిపోయింది.

"బ్లీడ్ సరిపోలేదండి. ఇవాళ చూసుకోకపోతే కటింగ్‌లో పోద్ది."

అవతలివాళ్లు ఏమన్నారో వినపడలేదు. "బస్సుకి వేళైందమ్మా, పోయొస్తా" అంటూ లహరి చెప్పులేసుకుని వీధిలోకి నడిచింది. నందిగామ నుంచి జగ్గయ్యపేట ప్రెస్సుకి రోజూ వెళ్లే పిల్లే. అయినా ఆ బ్లీడూ, ఆ కటింగూ పుష్పవతి చెవుల్ని వదల్లేదు. ఆమె చదివింది ఏడో తరగతే కానీ, ఆసుపత్రిలో వినపడే ఇంగ్లీషు ముక్కలు ఎవరికి తెలియవు? ఎవరికో రక్తం పోతోంది. ప్రెస్సులో కాగితాలు కోసే కత్తి ఎంతుంటుందో కూతురే ఒకసారి చేతులు బారజాపి చూపించింది. తెగింది దీని వేలేనేమో, తల్లి కంగారు పడుతుందని దాచిందేమో. పొద్దున ఇడ్లీ ఏ చేత్తో తిందో ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు.

జాకెట్టు ముక్కలు మిషను మీదే వదిలేసి, దూదీ, ఉతికిన పాత పంచె గుడ్డా సంచీలో కుక్కుకుని తర్వాతి బస్సెక్కింది. చిల్లకల్లు దాటేసరికి ఆమె మనసులో వేలు కాస్తా చెయ్యి అయింది.

ప్రెస్సు గుమ్మంలోకి వెళ్లి చూస్తే లహరి కంప్యూటర్ ముందు కూర్చునుంది. పది వేళ్లూ కీబోర్డు మీద ఆడుతున్నాయి.

ప్రెస్సు ఓనరు జాన్‌బాషా కళ్లజోడు పైకి తోసుకున్నాడు. "రా చెల్లెమ్మా. సంచీ నిండుగా ఉందే, పచ్చళ్లేమన్నా తెచ్చావా?"

"దూదండి, అన్నయ్యగారూ."

సంగతి తెలిశాక జాన్‌బాషా కుర్చీలో వెనక్కి వాలి నవ్వాడు. లహరికి సిగ్గేసింది. "బ్లీడంటే రక్తం కాదే అమ్మా. నువ్వు జాకెట్టు కత్తిరించేటప్పుడు కుట్టుకని గుడ్డ ఎక్కువ వదలవూ? అట్టాగే రంగుని కాగితం అంచు దాటిచ్చి కాస్త బయటికి వదులుతాం. కత్తి కొంచెం అటూఇటూ అయినా తెల్లగీత పడదు."

"అంతేనా. ఆ మాట తెలుగులో ఏడవొచ్చుగా."

"నువ్వు రావడమూ మంచిదే అయింది" అన్నాడు జాన్‌బాషా. "వీరరాఘవయ్య గారి ఎరువుల కొట్టు క్యాలెండరు. ఫైలు మొత్తం మీ పిల్లే చేసింది, నేను వేలు పెట్టలా. కాసేపట్లో బెజవాడ పంపితే అచ్చుకి ప్లేట్లు చేస్తారు. సరిగ్గా వస్తే ఈ సిస్టం లహరిదే, ఉద్యోగం ఖాయం. తప్పొస్తే మళ్లీ ఫ్లెక్సీల దగ్గరికే."

రక్తం లేదన్న ఊరట పుష్పవతికి అక్కడితో సరి. స్టూలు లాక్కుని కూతురి పక్కన కూర్చుంది.

"బెజవాడోళ్ల కంప్యూటర్లో మన అక్షరాలు లేకపోతే?"

"ఒత్తులెగిరిపోతాయి. ఆయన పేరు వీరరాఘవయ అవుద్ది. అందుకే అక్షరాలన్నిటినీ బొమ్మ కింద మార్చేసా. ఇంక అవి కదలవు."

"మార్చాక తప్పు కనపడితే?"

"మార్చకముందుది ఇంకో కాపీ దాచా."

"ఆయన మొహం మసగ్గా వస్తేనో?"

"వాట్సాప్ ఫొటో వద్దని, కెమెరాలోది తెప్పించా."

"ఎరుపు వెలిసిపోయినట్టుంటే?"

"తెర మీద మెరిసే ఎరుపు ఇంకులో రాదమ్మా. నాలుగు ఇంకుల లెక్కలోకి మార్చి, కాగితం మీద తీసి చూసుకున్నా. పండుమిరప రంగే."

దేనికీ తడుముకోలేదు. ఈ పిల్లకి ఇంత తెలుసా అని పుష్పవతి మనసు పొంగింది. పొంగుతూనే ఆమె చూపు గోడ మీది పాత క్యాలెండరు మీద పడింది. దాని పైఅంచుని పట్టుకుని సన్నటి ఇనపరేకు ఉంది.

"ఒసే, ఆ రేకు లంగాకి బొందెక్కించే పట్టీలా ఉందే. పక్కలకి వదిలినంతే పట్టీకి వదిలితే చాలదు, లోపలికి మడత పోద్ది. పైన ఎంత వదిలావు?"

లహరి వేళ్లు ఆగిపోయాయి.

నాలుగు వైపులా ఒకే కొలత వదిలింది. కొట్టు పేరు సరిగ్గా పైఅంచు కింద ఉంది. రేకు బిగిస్తే అక్షరాల తలకట్లన్నీ దాని కిందికి పోతాయి. జాన్‌బాషా గోడ మీది క్యాలెండరు తీసి ఆమె ముందు పెట్టాడు.

పుష్పవతి స్టూలు వెనక్కి జరుపుకుంది. నోరు మూసుకుని ఉండాల్సింది, తన మాట వల్లే పిల్ల ఉద్యోగం పోయిందనుకుంది. లహరి మాత్రం స్కేలుతో రేకు కొలిచి, దాచిన కాపీ తెరిచింది. పేరు కిందికి దించింది. కింద చోటు చాలక మూడు వరుసల అడ్రసుని రెండు వరుసల్లోకి సర్ది తిరగరాసింది. ఒత్తు ఒత్తుకీ ఆగి చదివి, అప్పుడు మళ్లీ బొమ్మ కింద మార్చింది. తెల్లకాగితం మీద ప్రింటు తీసి, పాత క్యాలెండరు రేకు ఊడదీసి దానికి బిగించింది. పేరు నిండుగా కనిపించింది.

"పంపమంటారా, సార్?"

"నన్నడుగుతావేంటి, సిస్టం ముందు కూచుంది నువ్వు" అన్నాడు జాన్‌బాషా.

లహరి పంపింది.

క్యాలెండర్లు అచ్చయిన రోజు వీరరాఘవయ్య పెనుగంచిప్రోలు నుంచి ఆటోలో వచ్చి, ఒకటి విప్పి చేయి చాచి పట్టుకుని, "మన కొట్టేనా ఇది?" అన్నాడు. జాన్‌బాషా ప్రెస్సు తాళంచెవి లహరి చేతిలో పెట్టాడు. "పొద్దున్నే తెరిచేది ఇంక నువ్వే. ప్లేటుకి పంపేముందు మాత్రం మీ అమ్మని కూచోబెట్టి భయపడమను."

లహరి తెచ్చిన క్యాలెండరుని పుష్పవతి మిషను ఎదురుగా గోడకి తగిలించింది. రేకు నుంచి పేరు దాకా టేపు పెట్టి కొలిచింది. సరిపోయింది. లహరి లోపలికెళ్లాక ఇంకోసారి కొలిచింది.