తలుపులో నిలిచిన నీళ్ళు

కుస్తోదియో బర్రీయ కారులో వెనక సీటు కుడివైపు కూర్చోవడానికి దల్కావెలో ఎవరూ ఒప్పుకోవడం లేదు. అక్కడ కాళ్ళ కింద నీళ్ళు. వాన పడితే మేజోళ్ళు తడుస్తాయి. పడకపోతే కంపు. దల్కావె ఉన్న ఆ దీవిలో వాన పడని రోజు కోసం కాచుకు కూర్చునేవాడు పిచ్చివాడే.

దల్కావె నుంచి కాస్త్రోకి జనాన్ని ఎక్కించుకుని తిరిగే సర్వీసు కార్లలో అతనిదొకటి. నలుగురు నిండితేనే కారు కదలాలి. ఇప్పుడు నాలుగోవాడు తలుపు తీసి, కిందికి చూసి, వెనక కారు ఎక్కుతున్నాడు. లైను పెద్ద ఒయార్సో మెడలో ఈల వేసుకుని తిరిగే మనిషి. ఆ ఈల ఊదగా ఎవరూ వినలేదు. అయినా దాన్ని ఒక్కరోజూ మెడలోంచి తియ్యడు.

"శనివారం వచ్చి చూస్తా కుస్తోదియో. సీటు కింద చెయ్యి పెడతా. చెయ్యి తడిసిందంటే లైన్లో నీ కారుండదు" అన్నాడు ఒయార్సో.

"ముందు ఆ చెయ్యి కడుక్కుని రా" అన్నాడు కుస్తోదియో.

మాట బాగానే పడింది. కానీ లైను పోతే తిండి పోతుంది. వేరే పని రాదు, నేర్చుకునే వయసు కాదు. వండి పెట్టే మనిషి రెండు చలికాలాలుగా మట్టిలో ఉంది.

కాస్త్రోలో మెకానిక్కు ఇదివరకే తలుపు చుట్టూ రబ్బరు బీడింగు మార్చాడు. కొత్త రబ్బరు వచ్చింది, పాత నీళ్ళే వచ్చాయి. మళ్ళీ వెళ్తే అద్దం చుట్టూ సిలికాన్ పూశాడు, పుట్టినరోజు కేకుకి క్రీము పూసినట్టు. "ఇంక చుక్క రాదు పెద్దాయనా" అన్నాడు. నిజమే, చుక్క రాలేదు. చెంబెడు వచ్చింది.

ఊళ్ళో వాళ్ళని అడగొచ్చు. అడిగితే అందరూ వస్తారు. ఇల్లు మొత్తం పెకలించి ఎడ్లతో లాగించుకుపోవాలన్నా వస్తారు ఆ దీవి జనం. కానీ పిలిచినవాడు మాంసం పెట్టాలి, బంగాళదుంప రొట్టెలు పెట్టాలి, చీచా కల్లు పొయ్యాలి. పదిమంది తిని, తాగి, తలుపు చుట్టూ నిలబడి తలలూపి పోతారు. కుస్తోదియో ఎవరినీ అడగలేదు.

ఎండబెట్టిన ఆలిచిప్పలమ్మే నోల్ఫా మాత్రం అడక్కుండానే చెప్పింది. బుట్టలు దించుకుంటూ, తలుపుని అటూ ఇటూ ఊపింది.

"ఏమయ్యా, ఈ తలుపు కడుపుతో ఉందా ఏంటి? లోపలేదో కదుల్తోంది."

"మూసెయ్. ఊపితే బందు ఊడుద్ది."

"నువ్వొకసారి దిగొచ్చి విను. దిగితే కాళ్ళరిగిపోవులే."

కుస్తోదియో దిగలేదు. వెనక తలుపు ఎవరికీ తీసిన అలవాటు లేదు అతనికి. ఎక్కేవాళ్ళకి చేతులున్నాయి. కానీ ఆమె పోయాక దిగి ఊపాడు. లోపల నీళ్ళు కుండలో కదిలినట్టు కదిలాయి.

ఆ మధ్యాహ్నం కారుని ఇంటి వెనక్కి తీసుకెళ్ళాడు. తలుపు లోపలి అట్ట ఊడదీశాడు. దాని వెనక ప్లాస్టిక్ కాగితం జిగురు ఎండిపోయి సగం వేలాడుతోంది. కారు గుమ్మం మీద, కాగితం అంచు వెంట, తడి ఎక్కడ తగిలిందో తెలిసేలా వేయించిన గోధుమపిండి చల్లాడు. భార్య ఎదెల్మీర ఉంటే ఆ పిండిలో వేడినీళ్ళు పోసి, తేనె కలిపి పెట్టేది. ఇప్పుడది తలుపుకి తిండి. పూలచెట్లకి పోసే డబ్బాతో అద్దం మీద మెల్లగా నీళ్ళు పోశాడు.

పైన పిండి పొడిగానే ఉంది. అద్దం పక్కనా పొడిగానే ఉంది. మెకానిక్కు కేకు క్రీము పని ఎంత దండగో అక్కడే తేలిపోయింది. అద్దం మీంచి నీరు తలుపు కడుపులోకి జారింది. అది తప్పు కాదు, ఏ కారుకైనా అంతే. జారిన నీరు అడుగునున్న కన్నాల్లోంచి నేల మీదికి పోవాలి. నేల మీదికి ఒక్క చుక్క రాలేదు. కాసేపటికి కింద, కాగితం అంచు దగ్గర పిండి నల్లబడింది. ఆ నలుపు వెడల్పయి, గుమ్మం దాటి, సీటు వైపు పాకింది.

నీళ్ళు పైనుంచి రావడం లేదు. లోపల నిండి, పొంగి, వస్తున్నాయి.

బురదలో వెల్లకిలా పడుకుని తలుపు అడుగు చూశాడు. కన్నాలు ఉండాల్సిన చోట నల్లటి బిరడాలు. ఎవరో నున్నగా పూత కూడా పూశారు. కమ్మీ వంచి ఒకదాన్ని పీకాడు. చల్లని మురికినీరు మొహం మీద, చొక్కాలోకి, చెవిలోకి పడింది. అతను కదలలేదు. చేతిలోకి వచ్చినదాన్ని చూస్తూ ఉండిపోయాడు.

అలెర్సె చెట్టు బెరడు నార. పేని, మడిచి, ఉలితో కొట్టి, తారు పూసిన నార. దీవిలో పడవల చెక్కల సందుల్లో కుక్కేది అదే. ఆ పని అంత నున్నగా చేసే చెయ్యి దల్కావెలో ఒక్కటే ఉంది.

రొసమెల్ చిగ్వాయ్ ఒడ్డు మీద తిరగేసిన పడవ కింద కూర్చుని మాతే ఆకు టీ తాగుతున్నాడు. ఎదెల్మీరకి తమ్ముడు. కుస్తోదియో ఆ నార ముద్దని తీసుకెళ్ళి అతని ఒళ్ళో పడేశాడు.

"ఇది నీదే కదా?"

రొసమెల్ ముద్దని వేళ్ళతో నలిపి చూశాడు. "నాదే. ఇంకా గట్టిగానే ఉంది బావా. ఎక్కడిది?"

"నా కారు తలుపు అడుగుది."

"ఆహా, అదా! అక్క అడిగింది. కాళ్ళు కాస్త తడుస్తున్నాయిరా అంది. కారుని ఒక పూట ఇక్కడికి తెచ్చింది, నువ్వు జ్వరంతో పడుకున్నావు అప్పుడు. తలుపడుగున కన్నాలున్నాయి బావా! ఇంత ఇంతవి! ఏ వెధవ పెట్టాడో. అన్నీ మూసేశాను."

"నీళ్ళు బయటికి పోడానికి పెట్టారు ఆ కన్నాలు."

"బయటికా? నీళ్ళు లోపలికి రాకూడదు గానీ, వచ్చాక పోడానికి దారేంటి? నేను చేసిన పడవలో అడుగున కన్నం పెట్టానా ఎప్పుడైనా? ఒక్కటి మునిగిందా?"

"పడవలు మునగలేదు. నా తలుపు మునిగింది. తలుపులోకి నీళ్ళు వస్తాయి, పోతాయి. అదిరా దాని పని. నీ బుర్రలో కూడా ఇదే నార కుక్కారు ఎవరో."

రొసమెల్ మొహం ఎర్రబడింది. మాతే గిన్నె ఇసకలో పెట్టాడు.

కుస్తోదియో ఆగలేదు. "ఆ చలికాలమంతా మీ అక్క ఆ వెనక సీట్లో నీళ్ళలో కాళ్ళు పెట్టుకుని కూర్చుంది. పొయ్యి దగ్గర మేజోళ్ళు పిండుకునేది. చలి ముదిరిన ఆగస్టులో దగ్గొచ్చింది. తర్వాత నీకు తెలుసు. నీ గొప్ప పనితనం అది."

రొసమెల్ లేచాడు. సముద్రం వైపు తిరిగాడు. ఏడుస్తాడేమో అనుకున్నాడు కుస్తోదియో. ఈ పడవలవాళ్ళకి చెయ్యి పని తప్ప తెలిసేది ఏడుపొక్కటే.

"నాకు తెలీక చేశాను" అన్నాడు రొసమెల్. "నీకు తెలుసుగా అన్నీ. ముందు సీట్లో నీళ్ళు లేవుగా బావా? అక్కని ఎందుకు కూర్చోబెట్టలేదు?"

"ముందు సీటు డబ్బులిచ్చేవాళ్ళది."

"నీకు కన్నాలన్నీ మూసే పుట్టించారు. నార కూడా అక్కర్లేదు."

కుస్తోదియో పడవ పక్కనున్న పొయ్యి దగ్గరికి వెళ్ళాడు. పొయ్యి మీద తారు డబ్బా కాగుతోంది. ప్లాస్టిక్ కాగితం అంచు అతికించడానికి అదే కావాలి. పాత గుడ్డతో డబ్బా చెవి పట్టుకుని ఎత్తాడు.

"అడిగి తీసుకోవచ్చు" అన్నాడు రొసమెల్.

"మీరు అడగకుండా పెట్టారు. నేను అడగకుండా తీసుకుంటున్నా."

ఇంటికెళ్ళి మిగతా బిరడాలు పీకాడు. కన్నాల్లో కమ్మీ పెట్టి తుప్పు గీకాడు. తలుపు ఇనుము తుడిచి ఆరబెట్టి, కాగితం అంచు చుట్టూ తారు పూసి, బొటనవేలితో నొక్కుతూ అతికించాడు. వేలు కాలింది. అట్ట బిగించాడు. సీటు పొయ్యి పక్కన ఆరబెట్టాడు. మళ్ళీ నీళ్ళు పోశాడు. తలుపు అడుగు నుంచి నీళ్ళు సన్నగా కారి నేల మీద పడ్డాయి. గుమ్మం మీద కొత్తగా చల్లిన పిండి పిండిలాగే ఉంది.

శనివారం తెల్లవారిందగ్గర్నుంచి వాన. ఒయార్సో వచ్చాడు. సీటు కింద చెయ్యి పెట్టాడు, ఇంకా లోపలికి పెట్టాడు, పొరుగువాడి జేబులో వెతికినట్టు వెతికాడు. చెయ్యి బయటికి తీసి చూసుకున్నాడు. పొడి చెయ్యే. అయినా ప్యాంటుకి తుడుచుకున్నాడు.

"ఎవరు బాగు చేశారు?"

"నీలాంటోళ్ళు కాదు. కడుక్కునే వచ్చావా?"

ఒయార్సో ఈల సర్దుకుని వెనక కారు దగ్గరికి పోయాడు. నోల్ఫా బుట్టలతో ఎక్కి ఎడమవైపుకి జరిగింది. ఆమె పక్కన ఇంకొకడు. కుడివైపూ ముందు సీటూ ఖాళీ. అప్పుడు వానలో రొసమెల్ వచ్చాడు. ముందు తలుపు తీశాడు.

"అది డబ్బులిచ్చేవాళ్ళది" అన్నాడు కుస్తోదియో.

రొసమెల్ చిల్లర తీసి డాష్‌బోర్డు మీద పెట్టాడు. "ఇది అక్క సీటుకి" అని ముందు తలుపు మూసేశాడు. వెనక తలుపు తీసుకుని, కుడివైపు, అక్క కూర్చునే చోట కూర్చున్నాడు. వంగి, కాళ్ళ కింద అరచెయ్యి ఆనించాడు.

"పొడిగా ఉంది బావా."

కుస్తోదియో అద్దంలో చూశాడు. రొసమెల్ చెయ్యి ఇంకా నేల మీదే ఉంది.

"ఇప్పుడుంది" అన్నాడు.

నాలుగోవాడి కోసం ఆగలేదు. ముందు సీటు ఖాళీగానే బండి కదిలించాడు.