ఫాతెహా పండు

కౌసర్ కొడుకు కలీంకి ఏడేళ్ళొచ్చినా మాట రాలేదు. ఆటిజం అన్నారు. మాట లేకపోతే పోనీ, కడుపునొప్పి వస్తే చెప్పుకోలేక వాడు చెయ్యి కొరుక్కునేవాడు. మిరపకోతల నుంచి వచ్చిన తల్లి ఆ పంటిగాట్లకి కొబ్బరినూనె రాస్తూ ఏడ్చేది. కడుపుతో ఉండి మిరప కళ్ళాల్లో పనిచేసింది, ఆ ఘాటే బిడ్డకి పట్టిందని ఊరంతా తేల్చేసింది. ఊరికేం, తేల్చడానికి డాక్టరీ చదవక్కర్లేదు.

గుంటూరులో ఒక ఆసుపత్రివాళ్ళు ఇలాంటి పిల్లల మీద పరిశోధన చేస్తున్నారని తెలిసి కౌసర్ కొండంత ఆశ పెట్టుకుంది. సెరటోనిన్ అనే రసాయనం ఒంట్లో ఎక్కువగా పేగుల్లోనే తయారవుతుందట. ఆటిజం ఉన్న కొందరు పిల్లల రక్తంలో అది ఎక్కువగా కనబడుతుందట. ఎందుకో, దానికీ ఈ కడుపునొప్పులకీ సంబంధం ఉందేమో చూస్తారట. అరటిపండులోనూ అది ఉంటుంది కాబట్టి పరీక్షకి మూడు రోజుల ముందు నుంచి పెట్టొద్దన్నారు. కలీం ఇష్టంగా తినేది అదొక్కటే. వాడు గోడకి తల కొట్టుకున్నా కౌసర్ గుండె రాయి చేసుకుంది.

పరీక్ష రోజు నలుగురు పట్టుకుంటే గానీ సూది దిగలేదు. మోచెయ్యి అదిమి పట్టింది కౌసరే. వాడు అరవడం మాని తల్లి మొహంలోకి చూశాడు. ఆ చూపు ఆమె తట్టుకోలేకపోయింది.

బయట బల్ల మీద కూర్చున్న అత్త జైతున్‌బీ తృప్తిగా కొంగు సర్దుకుంది. "ఎట్టయితేనేం, అయిపోయింది. పొద్దున దర్గాలో ఫాతెహా చదివించి, ఆ పండు తెచ్చి నోట్లో పెట్టబట్టే బిడ్డ తట్టుకున్నాడు."

"ఏం పండు అత్తా?"

"అరటిపండే. ఫాతెహా పండుకి పత్యం ఏంటే?"

కౌసర్‌కి ఒళ్ళు మండింది. కానీ మనవడి కోసం తెల్లారకముందే చెప్పుల్లేకుండా నడిచి వెళ్ళొచ్చిన మనిషిని ఏమని తిట్టడం? నోరు మూసుకుంటే ఎవరికీ తెలియదు. కాకపోతే తప్పు లెక్కతో తన బిడ్డ నొప్పికి కారణం దొరకదు. కలీంని చంకనేసుకుని లోపలికి వెళ్ళి చెప్పేసింది. జైతున్‌బీ వెనకే వచ్చి గుమ్మంలో నిలబడింది.

డాక్టరు రెబ్కా కోప్పడలేదు. "ఈ రక్తం పనికిరాదమ్మా. మళ్ళీ తియ్యాలి. తీసినా ఇప్పటికిప్పుడు మందేం రాదు. మేమే ఇంకా తెలుసుకుంటున్నాం. ఇష్టం లేకపోతే మానెయ్యండి, ఏమీ అనుకోం."

కౌసర్ కొడుకు చేతి మీది పంటిగాట్లు తడిమింది. "వచ్చే వారం తీసుకొస్తానండి. మళ్ళీ తియ్యండి," అంది.

ఏ మాటా అర్థం కాదని అందరూ అనుకునే కలీం ఆమె చంకలోంచి జారి దిగాడు. నానమ్మ వెనక్కి పోయి నక్కాడు. కౌసర్ చేతులు చాపినా రాలేదు.