సాలమ్మ అనని ఆమెన్

ఆమెన్ అన్నారు, అదీ అసలు మంట, దయాకర్ చెప్పినదాని కంటే, చెప్పినదానికి నలభై మంది ఒక్క గొంతుతో ఆమెన్ అనడమే కనకరాజు చెవుల్లో ఇంకా మోగుతోంది, శుక్రవారం ఉపవాస ప్రార్థనలో అన్నది ఆదివారం పొద్దునకీ ఆరలేదు, నాచారం చౌరస్తాలో షేర్ ఆటో ఎక్కి బైబిల్ సంచి ఒళ్లో పెట్టుకున్నా మోగుతూనే ఉంది, ఉప్పలా అన్నా, జర లోపలికి జరుగు, అన్నాడు డ్రైవరు, జరిగాడు, లేత్ మిషన్ ముందు ముప్పై ఏళ్లు నిలబడినవాడు, వర్నియర్ కొలబద్ద మీద వెంట్రుకవాసి తేడాని కంటితో పట్టేవాడు, అలాంటివాణ్ణి పట్టుకుని, ప్రభువా, మా కనకరాజన్నకు సదువు రాదు తండ్రీ, పదకొండేండ్ల సంది బైబిల్ చేతుల పట్టుకొని సదివినట్టు జేస్తుండు, ఆయన సిగ్గు తీసెయ్యి తండ్రీ, అని చేతులెత్తి ఏడ్చాడు దయాకర్, నిజంగానే ఏడ్చాడు, అదే ఇంకా మండుతుంది, దొంగ ఏడుపైతే కాలర్ పట్టుకుని అడిగి ఉండేవాడు, నిజం ఏడుపు ఏడ్చేవాడి కాలర్ ఎక్కడ పట్టుకోవాలి.

చదువు రాదని ఎవడన్నాడు, అక్షరాలు వచ్చు, అంకెలు వచ్చు, బస్సు బోర్డు వచ్చు, అయిదో తరగతిలో నాన్న పోతే బడి సంచి దింపి వర్క్‌షాపులో ఇనుప రజను ఊడ్వడానికి పోయినవాడికి ఇంకెంత రావాలి, వత్తు కింద వత్తు వచ్చేసరికి వరస చెదిరిన చీమల్లా పారిపోతాయి అక్షరాలు, అందుకని శనివారం సాయంత్రం ఫోనులో ఆదివారం చదవాల్సిన అధ్యాయం పెట్టుకుని పది సార్లు, పదిహేను సార్లు వినేవాడు, నోటికి వచ్చేదాకా వినేవాడు, భార్య కల్పన పేజీలో ఎర్ర దారం పెట్టేది, ఇగో, ఈ మాట కాడ పేజీ తిప్పు, మర్షిపోకు, అనేది, పొద్దున సంఘం ముందు నిలబడి వరస వెంట వేలు జరుపుతూ గొంతు ఎత్తి చెబితే, కనకరాజన్న సదువుతుంటే మాట మాటకు ప్రాణమొస్తది, అనేవాళ్లు, చూసి చదివేవాడికి ఆ గొంతు ఎక్కడ నుంచి వస్తుంది, ఒక్కసారి కూడా తప్పు చెప్పలేదు కదా, దాన్ని మోసం అంటారా, దయాకర్ మోసం అనే మాట అనలేదు కానీ సిగ్గు అన్నాడు, రెండింటికీ పెద్ద తేడా ఏముంది.

చెప్పినవాడిదే తప్పు, తన నోరే తప్పు, హబ్సిగూడ దగ్గర ఆటో ఆగింది, ఇద్దరు ఆడవాళ్లు దిగారు, మెట్రో స్తంభాల నీడ ఒకటి తర్వాత ఒకటి మొహం మీద పడుతోంది, ఆ జత ప్రార్థన పెట్టిన రోజు, ప్రార్థన లేని విశ్వాసి ఎదగడు, ఇద్దరిద్దరు జతగా మోకరించాలె, బలహీనతలు ఒకరికొకరు చెప్పుకోవాలె, అప్పుడే ఎదుగుతరు, అని పాస్టర్ అయ్యగారు చెప్పి సంఘంలోని మగవాళ్లందరినీ జతలు కట్టారు, తనకు దయాకర్ వచ్చాడు, ప్రతి మంగళవారం సాయంత్రం వాడి డాబా మీద చాప వేసుకుని మోకరించేవాళ్లు, మొదటి నెలంతా కోపం వస్తుంది, నిద్ర వస్తుంది, అవే చెప్పుకున్నారు, ఆ పై నెల దయాకరే ముందు విప్పాడు, అన్నా, ఒకటి చెప్తా, పూర్ణిమకు గూడ తెల్వదు, అని పెళ్లాం పేరు ఎత్తి ఆగి, గౌతమికి జరమొచ్చి దవాఖానాల ఉన్నప్పుడు మూడు దినాలు మోకాళ్ల మీదనే ఉన్ననన్నా, బిడ్డ కండ్లు తెరుస్తలేదు, నాలుగో దినం పోయి తాయెత్తు కట్టించిన, అన్నాడు, సంఘ పెద్ద, చిన్నపిల్లలకు నమ్మకం గురించి పాఠం చెప్పేవాడు, బిడ్డ చొక్కా చేతి కింద నల్ల దారం కట్టి ఆదివారం వచ్చి ముందు వరసలో కూర్చున్నవాడు, తన భుజం మీద తల పెట్టి ఏడిస్తే తను వీపు నిమిరాడు, పోనీ తమ్మీ, బిడ్డ బతికింది గదా, అన్నాడు, ఆ మెత్తదనంలోనే తన నోరు జారింది, దయాకర్, నాకు గూడ ఒకటున్నదిరా.

తను దాచాడు, వాడు దాచలేదు, లెక్క ఇంతే, ఇవాళ విజ్ఞాపన ప్రార్థన తన వంతు, సంఘం అవసరాలన్నీ దేవుడి ముందు పెట్టే ప్రార్థన, పదకొండేళ్లుగా ఆ ప్రార్థనకు తనే పేరు మోసినవాడు, పావుగంట ఆగకుండా చేస్తాడు, కాగితం అక్కర్లేదు, వత్తులు అడ్డం రావు, మాట కూడా సిద్ధం చేసి పెట్టుకున్నాడు, నిన్నంతా లేత్ మీద రాడ్డు తిరుగుతుంటే అదే మాటను సానబెట్టాడు, ప్రభువా, మా తమ్ముడు దయాకర్‌ను క్షమించు, బిడ్డకు తాయెత్తు కట్టి నీ మీద నమ్మకం తప్పిండు, వాణ్ణి నిలబెట్టు తండ్రీ, అంతే, కోపంగా కాదు, కన్నీళ్లతో, వాడు చేసినట్టే, అప్పుడు నలభై మంది ఆమెన్ అంటారు, అప్పుడు తెలుస్తుంది వాడికి.

ఉప్పల్ రింగ్ రోడ్డు దగ్గర దిగి నడిచాడు, హార్డ్‌వేర్ కొట్టు పైనే ప్రార్థన మందిరం, ఇరుకు మెట్లు, మెట్ల మీదే చలపతిరావు ఎదురయ్యాడు, కోస్తా నుంచి వచ్చి స్థిరపడిన మనిషి, నవ్వుతూనే గుచ్చుతాడు, ఏవండీ కనకరాజు గారూ, మా మనవడి పలక ఖాళీగానే ఉందండోయ్, పంపించమంటారా, అన్నాడు, పక్కవాళ్లు మొహాలు తిప్పుకుని నవ్వారు, తనూ నవ్వాడు, పళ్లు మాత్రమే నవ్వాయి, పై మెట్టు మీద సాలమ్మ చెప్పులు వరసగా పెడుతోంది, మందిరం ఊడ్చి చాపలు పరిచే ముసలమ్మ, శుక్రవారం కూడా ఇక్కడే, తను దిగిపోతుంటే చెప్పులు ముందుకు జరిపి, నేను ఆమెన్ అనలే బిడ్డా, అంది మెల్లగా, అప్పుడు ఒళ్లు మండింది, ఈమె ఆమెన్ ఎవడికి కావాలి, నాలుగేళ్లుగా నోరు విప్పి ఒక్క ప్రార్థన చేయని మనిషి, వెనక గోడకు ఆనుకుని పెదాలు బిగించుకుని కూర్చుంటుంది, ఈమె ఎదుగుదల ఆగిపోయిందయ్యగారూ, అని తనే ఒకసారి అన్నాడు.

పాటలు అయ్యాయి, వాక్యం చదవడానికి ఇవాళ దయాకర్ పెళ్లాం పూర్ణిమను పిలిచారు, మీకెందుకన్నా శ్రమ, అని అయ్యగారు తన వైపు చూసి జాలిగా అన్నారు, ఎర్ర దారం పెట్టిన బైబిల్ సంచిలోనే ఉండిపోయింది, పూర్ణిమ చూసి చదివింది, వత్తులన్నీ సరిగ్గా పలికింది, ప్రాణం మాత్రం లేదు, ఒక్కరికైనా తెలిసిందా, తెలియలేదు, ఇప్పుడు విజ్ఞాపన ప్రార్థన కనకరాజన్న చేస్తరు, అన్నారు అయ్యగారు, లేచాడు, మోకాళ్లు పటపటమన్నాయి, ముందు వరసలో దయాకర్ తల ఎత్తి ఒక్కసారి చూశాడు, వాడికి తెలిసిపోయింది, చూపులోనే తెలిసింది, చెయ్యి మెల్లగా పోయి పక్కనున్న గౌతమి చొక్కా చేతిని పట్టుకుంది, ఆ దారం ఇంకా అక్కడే ఉందా, ఉండే ఉంటుంది, విప్పడానికీ ధైర్యం కావాలి కదా, పట్టుకో, గట్టిగా పట్టుకో.

ప్రభువా, అన్నాడు, అందరూ కళ్లు మూసుకున్నారు, మా తమ్ముడు దయాకర్, అన్నాడు, హాలంతా చెవులైంది, కళ్లు మూసుకున్న మొహాల్లో ఒక ఆకలి, తెరిచిన కళ్లతో ఇన్నేళ్లలో ఎప్పుడూ చూడలేదు దాన్ని, ప్రార్థించేవాడు కళ్లు మూసుకుంటాడు కదా, ఇవాళ దయాకర్ మొహం చూడాలని తెరిచాడు, అందరి పెదాలూ ఆమెన్ కోసం కొంచెం తెరుచుకుని ఉన్నాయి, వెనక గోడ దగ్గర ఒక్క నోరు మాత్రం బిగించి ఉంది, సాలమ్మది, ఆ బిగింపు ఎప్పటి నుంచి, నాలుగేళ్లు, నాలుగేళ్ల కింద ఏమైంది, ఏమైందో ఎవరిని అడగాలి, తననే అడగాలి, మల్లాపూర్‌లో ఇంటి ప్రార్థన, చేతిలో టీ గ్లాసు, సాలమ్మ చెవి దగ్గరికి వచ్చి, బిడ్డా, మా పోరడు చర్లపల్లి జైల్ల ఉన్నడు, ఎవ్వలకు చెప్పకు, నువ్వు మంచిగ ప్రార్థన జేస్తవు గదా, వాని కోసం చెయ్యి, అంది, అరగంటలో చేశాడు, గొంతెత్తి చేశాడు, జైలు గోడలు బద్దలు కొట్టు తండ్రీ, మా సాలమ్మ పెద్దమ్మ కొడుకును విడిపించు, అని కన్నీళ్లు కార్చాడు, నిజం కన్నీళ్లే, ఆ ఇల్లంతా ఆమెన్ అంది, ఎంత భారమున్న ప్రార్థన అన్నా, అని అయ్యగారు చెయ్యి పట్టుకున్నారు, వారం తిరగకముందే ఇంటి ఓనరు సాలమ్మను ఖాళీ చేయమన్నాడు, ఎలా తెలిసిందో పాపం అని తనే అన్నాడు, తనే, సామాను మోయడానికి సాయం కూడా పోయాడు, మంచం ఒక పక్క తను, ఒక పక్క ఆమె, ఆ దారంతా ఆమె ఒక్క మాట అనలేదు, ఎదుగుదల ఆగిపోయింది అనుకున్నాడు.

ఏందన్నా, ఆగినవ్, అని ఎవరో గొణిగారు, అయ్యగారు కళ్లు తెరిచారు, దయాకర్ ఇంకా ఆ చొక్కా చెయ్యి వదల్లేదు, వాడి మీద కోపం తగ్గలేదు, తగ్గదు, ఆ శుక్రవారాన్ని వాడు వెనక్కి తీసుకోలేడు, తను మల్లాపూర్‌ను తీసుకోలేనట్టే, కానీ నాలుక మీద సానబెట్టి ఉంచిన మాట ఎవరికి చెప్పబోతున్నాడో ఇప్పుడు కనిపించింది, ఈ నలభై మందికి, ఇన్నేళ్ల పావుగంటలూ ఈ నలభై మందికే, దేవుడు వింటాడని కళ్లు మూసుకున్నాడు, వీళ్లు వింటున్నారని గొంతెత్తాడు, ప్రభువా, మా తమ్ముడు దయాకర్‌ను కాపాడు, అని అక్కడే ఆపి కూర్చున్నాడు, అయిపోయిందో లేదో తెలియక సగం మంది ఆమెన్ అన్నారు, సగం మంది ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు, కనకరాజు తల వంచి పెదాలు బిగించి, సాలమ్మ పెద్దమ్మ, అని లోపల అనుకున్నాడు, ఆమె పేరు, ఆమె కొడుకు సంగతి, తను చేసింది, అన్నీ లోపలే, ఒక్క ముక్క బయటికి రానివ్వకుండా, దానికి ఎవరూ ఆమెన్ అనలేదు, అనడానికి ఎవరికీ వినపడలేదు, పదకొండేళ్లలో అది తన మొదటి ప్రార్థన.